బడ్జెట్ పుస్తకం మనమే చదువుకోవడం ఎలా

బడ్జెట్ పెట్టిన మర్నాడు పేపర్లో రూపాయి బిళ్ల బొమ్మ వేసి, దాన్ని ముక్కలు చేసి, రూపాయి రాక ఇలా, పోక ఇలా అని చూపిస్తారు. చాలామందికి బడ్జెట్‌తో పరిచయం అక్కడ మొదలై అక్కడే ఆగిపోతుంది. ఆ తర్వాత అంతా పార్టీల గొడవ. ఒకాయన సంక్షేమానికి పెద్దపీట అంటాడు, ఇంకొకాయన అంకెల గారడీ అంటాడు, మనం మనకు నచ్చినాయన మాట నమ్ముకుని ఊరుకుంటాం. అలా ఊరుకోవాల్సిన పని లేదు. ఈ పుస్తకాలు రాష్ట్ర ఆర్థిక శాఖ వెబ్‌సైట్లో ఉంటాయి, ఎవరైనా డౌన్‌లోడ్ చేసుకోవచ్చు, కూడికలు తీసివేతలు వస్తే చదవొచ్చు. ఓ పదిహేను మాటలకు అర్థం తెలియాలి, దేని తర్వాత ఏది చూడాలో తెలియాలి.

కాకపోతే పుస్తకంతో మొదలుపెట్టకండి. ముందు ఇంట్లో ఉన్న కాగితాలు తీయండి.

కిరాణా బిల్లు, పెట్రోలు, జీతం స్లిప్

సూపర్ మార్కెట్ బిల్లు అడుగున సీజీఎస్టీ, ఎస్జీఎస్టీ అని రెండు అంకెలు సమానంగా ఉంటాయి. మొదటిది కేంద్రానికి, రెండోది మన రాష్ట్రానికి. విడిగా పన్ను వేయని బిల్లయితే ఎమ్మార్పీలోనే పన్ను కలిసి ఉంటుంది, దాన్ని బయటికి తీయడం తేలికే. 18 శాతం పన్ను ఉన్న వస్తువు ఎమ్మార్పీ 236 రూపాయలైతే, 236ని 118తో భాగించి 18తో గుణించండి, 36 వస్తుంది. అంటే వస్తువు ధర 200, పన్ను 36, అందులో కేంద్రానికి 18, రాష్ట్రానికి 18. ఆ వస్తువు పుణెలో తయారై వరంగల్లో అమ్ముడైతే రాష్ట్రం వాటా తెలంగాణకే వస్తుంది, మహారాష్ట్రకు కాదు. కొన్నవాళ్లు ఎక్కడుంటే పన్ను అక్కడికి వెళ్లడమనేది జీఎస్టీలో మూల సూత్రం. 2025 సెప్టెంబరు 22 నుంచి 12, 28 శాతం శ్లాబులు తీసేసి ప్రధానంగా 5, 18 ఉంచారు, ఖరీదైన కార్ల లాంటి వాటికి 40 పెట్టారు. సబ్బు, టూత్‌పేస్టు, తలనూనె 5లోకి వచ్చాయి, సిమెంటు 28 నుంచి 18కి దిగింది.

ఇంకో చిన్న సంగతి గమనించండి. బియ్యం షాపుల్లో 26 కిలోల బస్తా ఎందుకు వచ్చిందో ఎప్పుడైనా ఆలోచించారా? 2022 జూలై 18 నుంచి, ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యం 25 కిలోలు, ఆ లోపు ఉంటే 5 శాతం జీఎస్టీ. 1,500 రూపాయల బస్తా మీద 75 రూపాయలు. ఒక్క కిలో ఎక్కువ పోస్తే ఆ పన్ను లేదు. అందుకే ఆ బస్తా. పన్ను విధానం అంటే ఏమిటో చెప్పడానికి నాకు ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకలేదు. ప్రభుత్వం ఒక గీత గీస్తుంది, మార్కెట్ ఆ గీతకు అవతల నిలబడుతుంది, కాబట్టి ఏ పన్ను గురించి చదివినా గీత ఎక్కడ గీశారో ముందు చూడండి.

ఇలా కొన్నప్పుడు కట్టేది పరోక్ష పన్ను. ఆదాయం మీద నేరుగా కట్టేది ప్రత్యక్ష పన్ను. ఉపాధి పనికి వెళ్లే ఆవిడా, పెద్ద కంపెనీ డైరెక్టరూ ఒకే సబ్బు కొంటే ఒకే పన్ను కడతారు, కానీ ఆవిడ ఆదాయంలో అది పెద్ద ముక్క, ఆయన ఆదాయంలో లెక్కలోకే రాదు. "పన్ను కట్టేది మేము, తినేది వాళ్లు" అని ఎవరైనా అన్నప్పుడు ఈ సబ్బు లెక్క చెప్పండి. పన్ను కట్టని మనిషి ఈ దేశంలో లేడు.

పెట్రోలు, డీజిలు, మద్యం జీఎస్టీలో లేవు. జీఎస్టీ వచ్చాక రాష్ట్రాలు సొంతంగా రేటు పెంచుకోగలిగినవి వేళ్లమీద లెక్కపెట్టొచ్చు: పెట్రోలు మీద వ్యాట్ (రాష్ట్రం వేసే అమ్మకం పన్ను), మద్యం, రిజిస్ట్రేషన్లు, వాహన పన్ను, ఇంకా ఒకటీ అరా. ఏ పార్టీ ప్రభుత్వంలో ఉన్నా మద్యం ఆదాయాన్ని వదులుకోలేకపోవడానికి సగం కారణం ఇక్కడుంది.

పెట్రోలు దగ్గర కాసేపు ఆగుదాం, ఎందుకంటే సెస్సు అనే మాట, అంటే ఫలానా పనికోసమని పన్ను పైన వేసే అదనపు వసూలు, ఇక్కడ బాగా అర్థమవుతుంది. 2022 మేలో సుంకం తగ్గించాక కేంద్రం లీటరు పెట్రోలు మీద తీసుకున్నది 19 రూపాయల 90 పైసలు. అందులో అసలు ఎక్సైజ్ సుంకం 1 రూపాయి 40 పైసలే. మిగతా 18 రూపాయల 50 పైసలు సెస్సులు, ప్రత్యేక అదనపు సుంకం. కేంద్రం వసూలు చేసే పన్నుల్లో రాష్ట్రాలకు వాటా పంచాలి, అది ఎంతో ఐదేళ్లకోసారి ఆర్థిక సంఘం చెబుతుంది. 2021–26కి 15వ ఆర్థిక సంఘం 41 శాతం అంది. కానీ సెస్సులు, సర్‌చార్జీలు (పన్ను మీద వేసే అదనపు పన్ను) ఆ పంపకంలోకి రావు, రాజ్యాంగంలో 270, 271 అధికరణాలే అలా చెబుతాయి. అంటే 19.90లో పంచాల్సింది 1.40 మాత్రమే. అందులో 41 శాతం, అన్ని రాష్ట్రాలకూ కలిపి 57 పైసలు. ఆ 57 పైసల్లో అప్పట్లో ఆంధ్రప్రదేశ్ వాటా 4.047 శాతం, అంటే రెండు పైసల పైచిల్లర. తెలంగాణ వాటా 2.102 శాతం, అంటే పైసా పైచిల్లర. ఒక కాగితం మీద మీరే వేసి చూసుకోండి. న్యాయంగా ఇంకో మాట కూడా చెప్పాలి. రోడ్ల సెస్సు డబ్బు రోడ్ల లాంటి వసతులకు వెళ్తుంది, ఆ రోడ్లు మన రాష్ట్రంలోనూ పడతాయి. రాష్ట్రం వేసే వ్యాట్ పూర్తిగా రాష్ట్రానిదే, అది కూడా తక్కువేం కాదు. అయితే ఏ పని చేయాలో, ఎంత చేయాలో నిర్ణయించే చెయ్యి ఎవరిదన్నదే సెస్సు దగ్గర అసలు తేడా.

ఇక జీతం స్లిప్. అందులో పీటీ అని నెలకు 200 కోస్తారు కదా, అది వృత్తి పన్ను, రాష్ట్రానికి వెళ్తుంది. ఏడాదికి 2,500 దాటకూడదని రాజ్యాంగంలోనే ఉంది కాబట్టి రెండు రాష్ట్రాల్లోనూ పెద్ద జీతగాళ్లకు 2,400 దగ్గర ఆగింది. టీడీఎస్ అని కోసేది ఆదాయపు పన్ను, కేంద్రానిది. ఇక్కడ చాలామందికి ఒక తప్పు అభిప్రాయం ఉంది, మా ఆఫీసులో బాగా చదువుకున్నవాళ్లకీ ఉంది: ఇంక్రిమెంట్ వచ్చి పై శ్లాబులో పడితే మొత్తం జీతం మీద ఆ రేటు వేస్తారని, చేతికొచ్చేది తగ్గిపోతుందని టెన్షన్. అలా కాదు. 2025 బడ్జెట్లో చెప్పిన కొత్త విధానం తీసుకుందాం. పన్ను లెక్కకు వచ్చే ఆదాయం 16 లక్షలైతే, మొదటి 4 లక్షల మీద ఏమీ లేదు, తర్వాతి 4 లక్షల మీద 5 శాతం చొప్పున 20 వేలు, ఆ తర్వాతి 4 లక్షల మీద 10 శాతం చొప్పున 40 వేలు, చివరి 4 లక్షల మీద 15 శాతం చొప్పున 60 వేలు. మొత్తం 1,20,000. మెట్లు ఎక్కుతున్నట్టు, ఏ మెట్టుకు ఆ మెట్టు రేటే. దాని మీద 4 శాతం ఆరోగ్య, విద్య సెస్సు 4,800. ఈ 4,800 కూడా రాష్ట్రాలకు పంచనిదే. 12 లక్షల వరకు పన్ను లేదనడానికి కారణం రిబేటు, అంటే లెక్కకు వచ్చే 60 వేలు మాఫీ చేస్తారు. 12 లక్షల 10 వేలు ఉన్నవాళ్లు పదివేల కోసం 61,500 కట్టాలా అంటే అక్కర్లేదు, దాటిన పదివేల వరకే పన్ను అడుగుతారు, సెస్సు అదనం.

పుస్తకం తెరిచాక

ఇప్పుడు పుస్తకానికి రండి. బడ్జెట్ ప్రసంగాన్ని పక్కన పెట్టేయండి, కవితలు, కొటేషన్లు బాగానే ఉంటాయి గానీ మనకు కావాల్సింది అందులో లేదు. ముందు బడ్జెట్ సంక్షిప్త రూపం తెరవండి, తర్వాత శాఖలవారీ డిమాండ్ల పుస్తకం, అంటే ఒక్కో శాఖ ఖర్చుకు శాసనసభను ఎంత అడుగుతోందో రాసింది.

మొదటి పేజీల్లో నాలుగు నిలువు వరుసలుంటాయి. ముందటేడాది నిజంగా అయిన ఖర్చు, నడుస్తున్న ఏడాదికి వేసిన అంచనా, అదే ఏడాదికి సవరించిన అంచనా, వచ్చే ఏడాదికి కొత్త అంచనా. టీవీలో చెప్పేది నాలుగోది. మీరు చూడాల్సింది మొదటిది. ఒక పథకానికి మూడో వరుసలో, నాలుగో వరుసలో ఎంత పెద్ద అంకె ఉన్నా, మొదటి వరుసలో నిజంగా అయిన ఖర్చు అందులో సగమే ఉంటే ఆ శాఖ మాట ఎంతవరకు నమ్మాలో మీకే తెలిసిపోతుంది. రాబడి వైపు కూడా ఇదే పని చేయండి, ముఖ్యంగా పన్నేతర ఆదాయం, కేంద్రం నుంచి గ్రాంట్లు అన్న రెండు వరుసల్లో. ఖర్చు పెద్దగా చూపించాలంటే రాబడి కూడా పెద్దగా చూపించాలి, ఎక్కువగా ఊదేది ఈ రెండు చోట్లే.

తర్వాత మొత్తం బడ్జెట్ అన్న అంకె. దాన్ని విడదీయడం నేర్చుకోండి. 2025–26కి ఆంధ్రప్రదేశ్ బడ్జెట్ 3,22,359 కోట్లు, ఆర్థిక మంత్రి పయ్యావుల కేశవ్ పెట్టారు. తెలంగాణది 3,04,965 కోట్లు, అక్కడి ఆర్థిక మంత్రి భట్టి విక్రమార్క పెట్టారు. ఆంధ్రప్రదేశ్ అంకె తీసుకుందాం. రెవెన్యూ వ్యయం 2,51,162 కోట్లు, మూలధన వ్యయం 40,635 కోట్లు. రెండూ కలిపితే 2,91,797 కోట్లే. మరి మిగతా 30,562 కోట్లు? పాత అప్పుల అసలు తీర్చడం, ప్రభుత్వం ఇచ్చే రుణాలు. అంటే మూడు లక్షల ఇరవై రెండు వేల కోట్లలో ఆ మేరకు జనం మీద ఖర్చయ్యే డబ్బు కాదు. తెలంగాణకు కూడా ఇలాగే చేయండి: రెవెన్యూ వ్యయం 2,26,982 కోట్లు, మూలధన వ్యయం 36,504 కోట్లు, తీసివేస్తే ఎంతొస్తుందో చూడండి.

రెవెన్యూ వ్యయం అంటే ఆ ఏడాదితో అయిపోయే ఖర్చు: జీతాలు, పింఛన్లు, వడ్డీ, సబ్సిడీ, ఖాతాల్లో వేసే డబ్బు. మూలధన వ్యయం అంటే ఆస్తి మిగిలే ఖర్చు: కాలువ, ఆసుపత్రి భవనం, రోడ్డు. రెండోది మంచిది, మొదటిది దుబారా అని రాసేస్తుంటారు, అది నేను ఒప్పుకోను. ఆసుపత్రి కట్టడం మూలధనం, అందులో నర్సు జీతం రెవెన్యూ. నర్సు లేని ఆసుపత్రి భవనం ఏం చేసుకుంటాం? జీతాలు, పింఛన్లు, వడ్డీ ఈ మూడూ కట్టాక ఎంత మిగులుతోందన్నది చూడండి, ఏ ప్రభుత్వానికైనా నిజంగా చేతిలో ఉండేది ఆ మిగిలిందే.

డిమాండ్ల పుస్తకంలో ప్రతి ఖర్చుకీ ఒక నంబరు ఉంటుంది. మొదటి నాలుగంకెలను మేజర్ హెడ్ అంటారు. దీని కిటుకు తెలిస్తే పుస్తకం సగం అర్థమైనట్టే. సున్నాతోనో ఒకటితోనో మొదలైతే రాబడి, 2 లేదా 3తో మొదలైతే రెవెన్యూ ఖర్చు, 4 లేదా 5తో మొదలైతే మూలధన ఖర్చు, 6 లేదా 7తో మొదలైతే అప్పులు. మిగతా మూడంకెలు శాఖను చెబుతాయి. వైద్యానికి 210. కాబట్టి 2210 అంటే వైద్యం మీద రోజువారీ ఖర్చు, 4210 అంటే ఆసుపత్రి కట్టడాలు, 0210 అంటే వైద్యం నుంచి వచ్చే రాబడి. వ్యవసాయంలో 2401, 4401 కూడా ఇంతే. చదువుకు 2202, వడ్డీకి 2049, ప్రభుత్వోద్యోగుల పింఛన్లకు 2071, సామాజిక పింఛన్ల లాంటివాటికి 2235, ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ సంక్షేమానికి 2225. ఈ నంబర్లు దేశమంతా ఒకటే. మీకు సంబంధించిన ఒక పథకం పేరు వెతికి, దాని ఎదురుగా ఉన్న పూర్తి నంబరు నోట్‌బుక్‌లో రాసుకోండి. పథకాల పేర్లు ప్రభుత్వం మారినప్పుడల్లా మారిపోతాయి, వెతికినా దొరకవు. మేజర్ హెడ్ మాత్రం అదే ఉంటుంది.

అప్పు, లోటు

పన్నులు, గ్రాంట్లు కలిపిన రెవెన్యూ రాబడి 100 అనుకోండి. రెవెన్యూ ఖర్చు 110, మూలధన ఖర్చు 20. రెవెన్యూ లోటు 10, అంటే జీతాలకీ వడ్డీకీ కూడా అప్పు చేస్తున్నాం. ద్రవ్యలోటు 30, అంటే ఆ ఏడాది కొత్తగా పెరిగే అప్పు. ఖర్చులో వడ్డీ 14 ఉంటే ప్రాథమిక లోటు 16, అంటే పాత అప్పుల భారం పక్కన పెట్టినా ఈ ఏటి నిర్వాకం వల్ల పెరిగిన అప్పు. ఈ మూడింటిలో నేను ముందు చూసేది రెవెన్యూ లోటు. ఆంధ్రప్రదేశ్ 2025–26 అంచనాలో అది 33,185 కోట్లు, ద్రవ్యలోటు 79,926 కోట్లు. మొత్తం బడ్జెట్‌తో పోలిస్తే ద్రవ్యలోటు దాదాపు నాలుగో వంతు.

అప్పు ఎంతుందని అడిగితే లక్షల కోట్లలో చెబుతారు, వినగానే గుండె ఆగినంత పనవుతుంది. ఒట్టి అంకె వల్ల ఏమీ తెలియదు, రాష్ట్ర స్థూల ఉత్పత్తిలో (రాష్ట్రంలో ఏడాదికి తయారయ్యే సరుకులు, సేవల మొత్తం విలువలో) అప్పు ఎంత శాతం, రెవెన్యూ రాబడిలో వడ్డీ ఎంత శాతం అన్న రెండూ చూడాలి. నెలకు లక్ష వచ్చేవాడి పది లక్షల అప్పూ, పాతిక వేలు వచ్చేవాడి పది లక్షల అప్పూ ఒకటి కాదు కదా. రాష్ట్రం ఎక్కడ తెస్తుందంటే, ఎక్కువ భాగం రిజర్వు బ్యాంకు వేలంలో బాండ్లు, అంటే అప్పు పత్రాలు, అమ్మి. ఆ వేలం సాధారణంగా మంగళవారం జరుగుతుంది, అందుకే పేపర్లలో మంగళవారం అప్పు అని రాస్తుంటారు. కేంద్రానికి బాకీ ఉన్న రాష్ట్రం కొత్త అప్పుకు కేంద్రం అనుమతి తీసుకోవాలి, ఇది 293వ అధికరణం.

ఆ అనుమతిలో కేంద్రం పెట్టే పరిమితి దాటడానికి ప్రభుత్వాలు కనిపెట్టిన దారి కార్పొరేషన్లు. ఒక కార్పొరేషన్ పెట్టి, దాని పేరు మీద బ్యాంకు దగ్గర అప్పు తెచ్చి, రాష్ట్రం గ్యారంటీ ఇచ్చి, వాయిదాలు మాత్రం ఖజానా నుంచే కడితే ఆ అప్పు బడ్జెట్ లోటులో కనిపించదు. తెలంగాణలో కాళేశ్వరం ప్రాజెక్టుకు చాలా డబ్బు ఇలా కార్పొరేషన్ ద్వారానే వచ్చింది. 2022 నుంచి కేంద్రం, ఖజానా నుంచి తీర్చే ఇలాంటి అప్పుల్ని కూడా రాష్ట్రం పరిమితిలోనే లెక్కేస్తోంది. కాబట్టి బడ్జెట్ పత్రాల్లో గ్యారంటీల వివరాలు ఇచ్చే చోటు వెతకండి. ఎవరూ చదవని పేజీ అది, నా దృష్టిలో మొదట చదవాల్సిన పేజీ.

కేటాయింపు వేరు, విడుదల వేరు

మా చెల్లికి ఇంజనీరింగ్ అయ్యాక ఉద్యోగం వచ్చింది, చేరడానికి ఒరిజినల్ సర్టిఫికెట్లు కావాలన్నారు. కాలేజీకి వెళ్తే రెండేళ్ల ఫీజు రీయింబర్స్‌మెంట్ మాకు రాలేదు, ఆ డబ్బు కట్టి తీసుకెళ్లండి, ప్రభుత్వం వేశాక మీకు తిరిగిస్తాం అన్నారు. నాన్న చొక్కా జేబులోంచి పేపర్ కటింగ్ తీసి, బడ్జెట్లో ఇన్ని వందల కోట్లు పెట్టారు కదా బాబూ అని అడిగాడు. కౌంటర్లో కుర్రాడు కసురుకోలేదు, నిదానంగానే చెప్పాడు. "బడ్జెట్లో ఉంది అంకుల్, శాంక్షన్ అయింది, ట్రెజరీలో టోకెన్ కూడా పడింది. డబ్బే పడలేదు." నాన్న ఆ కటింగ్‌ని నాలుగు మడతలు పెట్టి మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. వారంలో నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చి కట్టాం.

ఆ కుర్రాడు చెప్పిన మాటలో నాలుగు మెట్లున్నాయి, వాటిని విడివిడిగా తెలుసుకోండి. శాసనసభ ఆమోదించడం కేటాయింపు. శాఖ జీవో ఇవ్వడం పరిపాలనా అనుమతి. ఆర్థిక శాఖ బీఆర్వో ఇవ్వడం, అంటే ఇంత వరకు ఖర్చు పెట్టుకోవచ్చని బడ్జెట్ విడుదల ఉత్తర్వు. ఆ తర్వాత బిల్లు ట్రెజరీకి వెళ్లి టోకెన్ నంబరు పడుతుంది. ఇవన్నీ అయినా ఖాతాలో డబ్బు పడాలంటే ఆ రోజు ఖజానాలో డబ్బుండాలి, వరుసలో మన బిల్లు వంతు రావాలి. జీతాలు, పింఛన్లు, వడ్డీ ముందు. ఫీజులు, ఆరోగ్యశ్రీ ఆసుపత్రుల బిల్లులు, మధ్యాహ్న భోజనం వండే ఆడవాళ్ల డబ్బులు, చిన్న కాంట్రాక్టర్ల బిల్లులు వెనక.

ఇందులో ఇంకో విషయం ఉంది, అది తెలిశాక నాకు చాలా బాధ, కోపం కూడా కలిగాయి. మన ప్రభుత్వాల లెక్కలు నగదు పద్ధతిలో రాస్తారు. డబ్బు చెల్లించిన రోజే అది ఖర్చు. చెల్లించని బిల్లు, అది ఎన్ని వేల కోట్లయినా, ఆ ఏడాది లోటులో కనిపించదు. అంటే ఫీజు ఆపేస్తే కాగితం మీద లోటు తగ్గినట్టు కనిపిస్తుంది. నిజానికి ఆ అప్పు ఎక్కడికీ పోలేదు, ఖజానా నుంచి మా ఇంటికి మారింది. ప్రభుత్వం బాండ్ల మీద ఏడాదికి 7 శాతం అటూ ఇటూగా తెచ్చుకోగల డబ్బును మా నాన్న 24 శాతానికి తెచ్చాడు. కాబట్టి ద్రవ్యలోటు తగ్గిందని ఎవరైనా చెబితే, పెండింగ్ బిల్లులు ఎంతున్నాయో కూడా చెప్పమని అడగండి.

విడుదలైందో లేదో తెలుసుకోవడానికి దారులున్నాయి. ప్రభుత్వాల లెక్కలు తనిఖీ చేసే రాజ్యాంగ సంస్థ కాగ్ ప్రతి రాష్ట్రానికీ నెలవారీ లెక్కలు పెడుతుంది, ఏప్రిల్ నుంచి ఆ నెల దాకా రాబడి ఎంత, ఖర్చు ఎంత, అప్పు ఎంత, బడ్జెట్ అంచనాలో అది ఎంత శాతం అని. డిసెంబరు లెక్కలు, అంటే తొమ్మిది నెలలవి, రాగానే చూడండి. ఏడాదిలో ముప్పావు వంతు గడిచింది కాబట్టి ఖర్చు కూడా 75 శాతానికి దగ్గర్లో ఉండాలి. మూలధన వ్యయం 40 దగ్గరుంటే మార్చిలో హడావిడి బిల్లులుంటాయి, లేదా ఆ పనులు జరగవు. ఏడాది పూర్తయ్యాక వచ్చే కాగ్ వినియోగ పద్దుల్లో, పథకం వారీగా ఎంత ఇచ్చారు, ఎంత మిగిల్చారు, ఎందుకు మిగిల్చారు అని ఉంటుంది. చాలాచోట్ల ఎందుకో శాఖ చెప్పలేదు అన్న మాటే కనిపిస్తుంది.

కొత్త పథకం ప్రకటించినప్పుడు

మొదట, డబ్బు ఎవరిది? ఆంధ్రప్రదేశ్‌లో వృద్ధాప్య పింఛను 2024 జూలైలో 4,000 అయింది. కేంద్రం తన పథకం కింద అర్హులైన పేదలకు ఇచ్చే వాటా 60 నుంచి 79 ఏళ్ల వారికి 200 రూపాయలు, 80 దాటితే 500. మిగతాదంతా రాష్ట్రానిది. అదే ఎస్సీ విద్యార్థుల పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్పులో కేంద్రం 60, రాష్ట్రం 40. పీఎం కిసాన్ 6,000 పూర్తిగా కేంద్రానిది. ఆంధ్రప్రదేశ్ రైతు సాయం అన్నదాత సుఖీభవ 20,000 అన్నప్పుడు ఈ ఆరు వేలు అందులో కలిసే ఉన్నాయి, రాష్ట్రం పెట్టేది 14,000. రేషన్ బియ్యంలో కూడా అంతే. 1983లో ఎన్టీఆర్ కిలో రెండు రూపాయల బియ్యం ఇచ్చినప్పుడు ఆ సబ్సిడీ భారం రాష్ట్రానికి పెద్ద చర్చ. ఇవాళ జాతీయ ఆహార భద్రత చట్టం కిందికి వచ్చే కార్డులకు బియ్యం కేంద్రం ఖర్చు, దానికి పైన ఉన్న కార్డులకు రాష్ట్రం ఖర్చు.

రెండోది, ఎవరికి వస్తుంది, ఎవరిని ఎలా వడగడతారు? తెలంగాణలో 2023 డిసెంబరు 9న, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15న మొదలైన ఆడవాళ్ల ఉచిత బస్సుకు ఆదాయ పరిమితి లేదు. ఆ రాష్ట్రం చిరునామా ఉన్న గుర్తింపు కార్డు చూపిస్తే చాలు. ఇంకో రకం, అర్హత పెట్టి ఏరేవి. ఆంధ్రప్రదేశ్‌లో ఆరు అంచెల పరిశీలన అని విని ఉంటారు: భూమి, కారు, ఆదాయపు పన్ను, ప్రభుత్వోద్యోగం, పట్టణంలో ఇంటి స్థలం, నెలకు 300 యూనిట్లు దాటిన కరెంటు లాంటి నిబంధనలు. కాగితం మీద సబబుగానే ఉంటుంది. కానీ ఇంటి ఓనరు మీటరు అద్దెకున్నామె ఆధార్‌కు తగిలించి ఉంటే ఆమె పేరు ఎగిరిపోతుంది, ఆ మీటరు తనది కాదని నిరూపించుకోవడానికి కరెంటాఫీసుకీ సచివాలయానికీ మధ్య కాళ్లరిగేలా తిరగాలి. ఏరివేతలో రెండు తప్పులు జరుగుతాయి, అనర్హులు చేరడం, అర్హులు తప్పిపోవడం. మొదటిదాని గురించి అందరూ మాట్లాడతారు. నాకు రెండోదే పెద్ద తప్పు. ఒకరికి ఎక్కువ వెళ్తే డబ్బు పోతుంది, ఒకరికి అందకపోతే ఆ నెల మందులు పోతాయి.

మూడోది, ఉచితాలు అన్న మాట. పింఛనూ, బియ్యమూ ఉచితాలైతే పన్ను రాయితీలు కూడా అదే లెక్కలో వేయాలి. 2019 సెప్టెంబరు 20న కంపెనీల పన్ను మూల రేటు 30 నుంచి 22 శాతానికి తగ్గించినప్పుడు ఏడాదికి 1,45,000 కోట్ల రాబడి తగ్గుతుందని ప్రభుత్వమే చెప్పింది. దాని వల్ల పెట్టుబడులు పెరుగుతాయని కారణం చెప్పారు, అది వాదించుకోవాల్సిన విషయమే. కానీ ఇచ్చింది ఇచ్చిందే, వదులుకున్నది వదులుకున్నదే, రెండూ ఖజానాకు ఒకటే. కేంద్ర బడ్జెట్ పత్రాల్లో పన్ను మినహాయింపుల వల్ల తగ్గిన రాబడి అని ఏటా ఒక పట్టిక ఇస్తారు, సంక్షేమం మీద చర్చకు ముందు అది కూడా ఒకసారి తెరవండి.

మీ పథకం డబ్బు ఎక్కడ ఆగిందో తెలియకపోతే సమాచార హక్కు చట్టం కింద జిల్లా సంక్షేమ శాఖ కార్యాలయంలో అడగండి. ఫీజు పది రూపాయలు, తెల్లకార్డు ఉంటే అదీ అక్కర్లేదు, జవాబు ముప్పై రోజుల్లో రావాలి. "నా డబ్బు ఎందుకు రాలేదు" అని రాస్తే "ప్రభుత్వం విడుదల చేయగానే చెల్లిస్తాం" అని ఒక లైను వస్తుంది, మాకు వచ్చింది. ఇలా రాయండి: ఫలానా విద్యా సంవత్సరానికి, ఫలానా పద్దు నంబరు కింద మీ జిల్లాకు కేటాయించిన మొత్తం ఎంత, ఏయే తేదీల్లో ఏయే బీఆర్వో నంబర్లతో విడుదలైంది, ట్రెజరీకి పంపిన బిల్లుల టోకెన్ నంబర్లు, తేదీలు ఏమిటి, వాటిలో చెల్లించినవి ఏవి, చెల్లించనివి ఏవి. ఆ నోట్‌బుక్‌లో రాసుకున్న పద్దు నంబరు పనికొచ్చేది ఇక్కడే. మేం రెండోసారి ఇలా రాస్తే మూడు పేజీల జవాబు వచ్చింది, చెల్లి పేరున్న బిల్లు టోకెన్ నంబరుతో సహా.